మాస్టారు చూడని గెలుపు

మొన్న మధ్యాహ్నం మా క్లినిక్‌కి ఒక కూలీని నలుగురు మోసుకొచ్చారు. బర్మాలోని మింగళ తౌంగ్‌న్యున్‌లో రైల్వే స్టేషన్‌కి దగ్గరగా ఉన్న చిన్న క్లినిక్ అది. వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని చీటీలిచ్చే బల్ల దగ్గర నా ఉద్యోగం. ఏప్రిల్ ఎండలో ఆ కూలీ పై అంతస్తుకి ఇటుకలు మోస్తూ పడిపోయాడట. పెదవులు పగిలి తెల్లబడ్డాయి, చెంపల మీద ఉప్పు చారలు కట్టాయి. డాక్టరు సెలైన్ ఎక్కిస్తుంటే పక్కన అతని భార్య సంచిలోంచి సీసా తీసి, తాటిబెల్లం నీళ్లలో నిమ్మకాయ పిండుతోంది. ఆ వాసన నా బల్ల దాకా వచ్చింది. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. పదేళ్ల కిందట నేనూ అలాగే పడి ఉన్నాను. అప్పుడు నా పక్కన ఇలాంటి సీసానే పట్టుకుని ఒకాయన కూర్చుని ఉన్నారు. ఆయనే అప్పలస్వామి మాస్టారు.

మాస్టారు అని పిలిచేవాళ్లమే గానీ ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. సేక్కాన్ రేవులో, ఓడల్లోంచి సరుకు దించే క్రేను డ్రైవర్లకి కింద నిలబడి చేతులతో సైగలు చేసే పని ఆయనది. అందుకే ఇంట్లో మాట్లాడుతున్నా చేతులు ఊరుకునేవి కావు. ఆయన తాతా, మా ముత్తాతా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే కాలంలో ఈ రేవులో మూటలు మొయ్యడానికి వచ్చినవాళ్లే. మేము మూడో అంతస్తులో ఉంటే ఆయన అదే మేడలో కింద గదిలో ఒంటరిగా ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు రేవు కార్మికుల పరుగు పందాల్లో బాగా పరిగెత్తారని మా అమ్మ చెప్పేది. నాకు తెలిసేనాటికి బట్టతల, సన్నటి పిక్కలు, కాళ్లకి రబ్బరు చెప్పులు, ఒక పాత సైకిలు.

నాకు పదమూడేళ్లప్పుడు రోజూ బడికి ఆలస్యమై బస్సు వెనకాల పరిగెత్తేదాన్ని. ఒక రోజు బస్సు దొరక్క రొప్పుతూ నిలబడితే ఆయన సైకిలు ఆపారు.

"ఏటే సత్తీ, రోజూ బస్సెనకాలే పరిగెడతావేటి? ఒక్కరోజు దానికి ముందు పరిగెట్టి సూడు," అన్నారు.

ఆ ఆదివారం తెల్లవారుతుండగా నన్ను కందోజీ చెరువు గట్టుకి తీసుకెళ్లారు. తరవాత పదకొండేళ్ల పాటు ఆదివారాలూ, చాలా మామూలు రోజులూ అక్కడే గడిచాయి. నేను పరిగెడుతుంటే ఆయన పక్కన సైకిలు తొక్కేవారు. సైకిలు హాండిల్‌కి తాటిబెల్లం, ఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్ల సీసా వేలాడుతుండేది. దాహమున్నా లేకపోయినా ఇరవై నిమిషాలకోసారి తాగాల్సిందే. పరుగు మొదలుపెట్టేముందు ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"పొద్దున్న ఒంటేలుకెల్లినావా? ఏ రంగుంది?"

పదమూడేళ్ల పిల్లని, సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. "సిగ్గేటి? నువ్వు అబద్దమాడితే నీ కిడ్నీలు నిజం సెప్తాయి," అనేవారు.

మా ఇంట్లో సగం బర్మీస్, సగం తెలుగు. నాతో చదువుకున్న మనవాళ్ల పిల్లలు చాలామందికి తెలుగు అర్థమయ్యేది కానీ పలికేది కాదు. నాకు నోటికొచ్చిన తెలుగు చాలావరకు ఆ సైకిలు పక్కన పరిగెడుతూ నేర్చుకున్నదే. చెరువు గట్టు మీద జనం మధ్య మేమిద్దరం మాట్లాడుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ భాషా, ఆ నీళ్లూ, ఆ మనిషీ నా సొంతమని గట్టిగా నమ్మాను. చిన్న చిన్న పందాల్లో రెండో స్థానమో మూడో స్థానమో వచ్చేది. ఎప్పుడూ మొదటిదాన్ని కాలేదు. అయినా ఆయన శిష్యురాలినంటే నేనొక్కదాన్నే కదా అని తృప్తి.

నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చాక తీదా వచ్చింది.

నది అవతల ట్వంటే అనే ఊళ్లో కుండలు చేసేవాళ్ల అమ్మాయి. పంతొమ్మిదేళ్లుంటాయి. రోజూ ఊళ్లోంచి బస్సులో వచ్చి, నది దాటి రేవు దగ్గర ఒక టీకొట్టులో పనిచేసేది. పడవ దిగగానే టీకొట్టు దాకా నడవకుండా పరిగెత్తడం మాస్టారు చూశారు. వరసగా నెల రోజులు చూసి, ఒక ఆదివారం గట్టు మీదకి పిలుచుకొచ్చారు. పొట్టిగా, గట్టిగా, ఎండకి కమిలిన మొహంతో ఉంది. నన్ను చూడగానే రెండు చేతులూ ముందు కట్టుకుని తలవంచి "అమా" అంది. బర్మీస్‌లో అక్కా అని. ఆయన్ని "సయా" అంది, గురువుగారూ అని. నేను పదకొండేళ్లు కష్టపడి సంపాదించుకున్న వరస ఆ పిల్లకి మొదటిరోజే దొరికేసింది.

మూడు చుట్లు పరిగెత్తి వచ్చింది. రొప్పడం లేదు. మాస్టారు గడియారం చూసుకున్నారు, మళ్లీ చూసుకున్నారు. ఆయన కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. రేవులో బరువు సరిగ్గా గాల్లోకి లేచినప్పుడు క్రేను డ్రైవరుకి చూపించే సైగ అది. పదకొండేళ్లలో నా కోసం ఆ చెయ్యి ఎప్పుడూ లేవలేదు. ఆ ఒక్క సైగతోనే నా కడుపులో మంట మొదలైంది.

తరవాతి ఆదివారం ఆయన నన్ను పక్కకి పిలిచి, "నీకాడ రెండు జతల బూట్లున్నాయి కదా, ఒకటి దానికియ్యి, గుడ్డబూట్లతో పరిగెడతంది పాపం," అన్నారు. సరేనన్నాను. ఇంటికెళ్లి రెండు జతలూ ముందు పెట్టుకుని చూశాను. ఎడమ బూటు అడుగు ఊడొస్తున్న జతని ఏరి సంచిలో పెట్టాను. తీదా దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నంత పని చేసింది. ఇంటికి తీసుకెళ్లి జిగురుతో అతికించుకుని, పైన సూదీదారంతో కుట్టుకుని, వారం తిరక్కుండానే ఆ బూట్లతో చెరువు చుట్టూ నన్ను దాటిపోయింది. దాటేటప్పుడు "క్షమించు అమా," అంది. ఆ మాట మనసులోంచే అంది. అదే నాకు ఇంకా మండింది.

ఒక రోజు నేను ఆలస్యంగా వెళ్లేసరికి వాళ్లిద్దరూ ముందే పరుగులో ఉన్నారు. తీదా అడుగులకి తగినట్టు గట్టిగా లెక్కపెడుతోంది. "ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ." తెలుగులో. నాలుగులో 'గు' ఆమె సరిగ్గా పలకలేకపోతుంటే, సైకిలు మీద మాస్టారు నవ్వుతూ దిద్దుతున్నారు. నేను చెట్టు కింద నిలబడిపోయాను. బూట్లు ఇచ్చినప్పుడు కూడా అంత పోగొట్టుకున్నట్టు అనిపించలేదు. ఆ రోజు ఒంట్లో బాగాలేదని చెప్పి వెనక్కి వచ్చేశాను.

ఇలాంటివి రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. ఆ పిల్ల నాకు ఏ కీడూ చెయ్యలేదు. అయినా ఆమె సీసా నిండుగా ఉందా నాది నిండుగా ఉందా అని చూసుకునేదాన్ని. మాస్టారు ఆమెతో ఎన్ని మాటలు మాట్లాడారు, నాతో ఎన్ని మాట్లాడారు అని ఇంటికెళ్లాక నెమరువేసుకునేదాన్ని. ఆమెకి కాలు బెణికితే బాగుండునని ఒకసారి అనుకున్నాను కూడా. మర్నాడు ఆమె మామూలుగా నడిచొస్తే నిరాశ కలిగింది.

ఆ జనవరిలో ఊళ్లో పెద్ద పరుగు ఉంది. నలభై రెండు కిలోమీటర్ల మారథాన్. మాస్టారు మా ఇద్దరి పేర్లూ ఇచ్చారు. ముందు రోజు సాయంత్రం నన్ను ఒక్కదాన్నే కింద గదికి పిలిచి చాప మీద కూర్చోబెట్టారు.

"సత్తీ, నాను సెప్పింది ఇను. తీదాకి తొందరెక్కువ. మొదటే ఊపిరి కరుసెట్టీసుకుంటాది. నువ్వు ముప్పై దాకా దాని పక్కనుండి, దాన్ని ఆపు. నువ్వుంటే అది నీ మాట ఇంటాది. నీళ్లకాడ ఆగి ఇద్దరూ తాగండి. ముప్పై దాటినాక దాన్ని ఒదిలీ."

"అంటే అది గెలవడానికి నేను పక్కన పరిగెత్తాలా మాస్టారూ?"

ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. "దానికి గెలిసే కాళ్లున్నాయమ్మా. నీకు ఓపికుంది, గ్యానముంది. రెండూ కలిస్తే పనవుద్ది," అన్నారు.

ఆయన మెచ్చుకునే అన్నారని ఇప్పుడు తెలుసు. ఆ సాయంత్రం మాత్రం పదకొండేళ్లకీ ఇచ్చిన జీతం ఇదా అనిపించింది. తల ఊపి మేడెక్కి వచ్చేశాను. మెట్ల మీదే నిర్ణయించుకున్నాను. మొదటినుంచీ ముందుంటాను. వెనక్కి తిరిగి చూడను.

చీకటి ఇంకా విడవకముందే స్టేడియం దగ్గర పరుగు మొదలైంది. చల్లగా ఉంది. మొదటి రెండు కిలోమీటర్లు తీదా నా పక్కనే ఉంది, ఆయన అలాగే చెప్పి ఉంటారు. నేను వేగం పెంచాను. "అమా, సయా నెమ్మదిగా అన్నారు కదా," అని వెనకనుంచి వినిపించింది. నేను ఇంకాస్త ముందుకు వెళ్లాను. మొదటి నీళ్ల బల్ల వచ్చింది. ఆగి తాగితే పది సెకన్లు పోతాయి. ఆగలేదు. రెండో బల్ల దగ్గరా ఆగలేదు. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం విన్న మాటని కావాలనే కాలితో తోసేశాను. ఆయన చెప్పింది చెయ్యకపోవడంలో ఒక కసి ఉంది.

ఇరవయ్యో కిలోమీటరు దగ్గర మాస్టారు సైకిలు దిగి నిలబడి ఉన్నారు. ఒక చేతిలో నా సీసా, ఇంకో చేతిలో తీదా సీసా. నేనొక్కదాన్నే వస్తుండడం చూసి ఆయన మొహం మారింది. సీసా ముందుకు చాపారు.

"తాగు సత్తీ. తాగి ఎల్లు."

ఆయన వేళ్లు నా చేతికి తగిలాయి. సీసా అందుకోలేదు. మొహం కూడా చూడలేదు.

ఎండ ఎక్కింది. ఇరవై అయిదు దాటాక నోట్లో నాలిక మందంగా, చెక్కముక్కలా అయింది. ఉమ్ముదామంటే ఉమ్మి లేదు. ముప్పై దగ్గర ఒక బల్ల మీది నీళ్లు తీసుకుని తాగబోతే కడుపు తిప్పేసి మొత్తం బయటికి వచ్చేసింది. తరవాత చేతులు తడుముకుంటే చెమట లేదు. చర్మం పొడిగా, గరుగ్గా, ఉప్పుతో. అంత ఎండలో వెంట్రుకలు నిక్కబొడుచుకుని చలి పుట్టింది. చెమట ఆగి చలేస్తే ఆ క్షణమే కూలబడమని మాస్టారు వందసార్లు చెప్పి ఉంటారు. నాకు గుర్తుంది. గుర్తుండే పరిగెత్తాను. పిక్కల్లో కండరాలు ముడిపడి రాళ్లయ్యాయి. రోడ్డుకి అటూ ఇటూ ఉన్న జనం గొట్టంలోంచి చూస్తున్నట్టు చిన్నగా కనిపించారు. వెనకనుంచి అడుగుల చప్పుడు, దాంతోపాటు ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ. నిజంగా విన్నానో నా తలలోనే మోగిందో తెలియదు.

ముప్పై నాలుగో కిలోమీటరు దగ్గర మాస్టారు మళ్లీ ఉన్నారు. సైకిలు మీద అడ్డదారిన వచ్చారట. ఆయన వైపే వెళ్తున్నాననుకున్నాను. నిజానికి రోడ్డు పక్క గోడ వైపు వెళ్తున్నానట. మోకాళ్లు ఒకదాని తరవాత ఒకటి మడతపడి ముందుకు పడ్డాను. తారు రోడ్డు వేడి చెంపకి తగిలింది. తల కింద ఒక చెయ్యి వచ్చింది. కళ్లు తెరిస్తే అది తీదా. పరుగు ఆపేసి నా పక్కన కూర్చుంది. ఏడుస్తోంది.

"నువ్వెల్లు," అని మాస్టారు ముందు తెలుగులో, తరవాత బర్మీస్‌లో అరిచారు. చేత్తో దారి చూపించారు. ఆమె కదల్లేదు. "నానున్నాను దీనికి. నువ్వు ఎల్లు." అప్పుడు లేచింది.

అంబులెన్స్ నన్ను స్టేడియం దగ్గరున్న వైద్యుల గుడారానికి తీసుకొచ్చింది. మాస్టారు సైకిలు రోడ్డు మీదే వదిలేసి నాతో ఎక్కారు. చంకల్లో, మెడ మీద మంచుగడ్డలు పెట్టారు, చేతికి సెలైన్ గుచ్చారు. ఎంతసేపో తెలియదు. మెల్లగా మాటలు తెలియడం మొదలైంది. గుడారం గుడ్డకి అవతల, వంద అడుగులు కూడా ఉండదు, పరుగు ముగిసే గీత. మైకులో వచ్చేవాళ్ల పేర్లు చదువుతున్నారు. ఆడవాళ్లలో మొదటి అమ్మాయి స్టేడియం గేటులోకి వస్తోందని చెప్పారు. నంబరు చదివారు. అది తీదా నంబరు.

డాక్టరమ్మ మాస్టారుతో, "ఈమెకి ఇప్పుడు పరవాలేదు, నాడి బాగానే ఉంది. మీ అమ్మాయే అక్కడ వస్తోందంటున్నారుగా, రెండు నిమిషాలు వెళ్లి చూసి రండి," అంది.

ఆయన నా మీదకి వంగారు. ఆ చొక్కాకి తాటిబెల్లం వాసన. "సత్తీ," అన్నారు, చాలా నెమ్మదిగా. "ఇప్పుడే ఎల్లి ఒచ్చీనా?"

నాకు పూర్తిగా తెలివుంది. కళ్లు మూసుకునే ఉన్నాను. తల ఊపితే చాలు. ఆయన జీవితంలో ఒక శిష్యురాలు పెద్ద పందెంలో మొదట రావడం అదే మొదటిసారి. అది నాకు తెలుసు. తెలిసే, తెలివిలేనిదానిలా మూలిగి ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

బయట జనం అరిచారు. చప్పట్లు కొట్టారు. మైకులో తీదా పేరు, ట్వంటే ఊరి పేరు చదివారు. మాస్టారు గుడారం గుడ్డ వైపు చూస్తూ కూర్చున్నారు. నేను రెప్పల సందులోంచి ఆయన్ని చూశాను. ఒళ్లంతా నొప్పులతో చచ్చిపోతున్నా, ఆ నిమిషంలో నాకు కలిగింది సంతోషమే. గెలుపు తీదాదైతే కానీ, ఈ మనిషి మాత్రం నా దగ్గరున్నాడు.

అయిదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. మొదటి రెండు రోజులూ ఒంటేలు టీ డికాక్షన్ రంగులో వచ్చింది. కిడ్నీలు దక్కడం అదృష్టమన్నారు. మాస్టారు రోజూ రేవు నుంచి నేరుగా వచ్చేవారు. తిట్టలేదు. తీదా వచ్చినప్పుడు నేను నిద్ర నటించాను. ఆమె మెడల్ తెచ్చి నా దిండు పక్కన కాసేపు పెట్టి, మళ్లీ తీసుకుని వెళ్లిపోయింది.

ఒంటికి శక్తి వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. ఒక ఆదివారం చెరువు గట్టు మీద నడుస్తూ ఆయనకి చెప్పేశాను. "మాస్టారూ, ఆ రోజు గుడారంలో నాకు తెలివుంది."

"తెల్సు," అన్నారు.

"తీదా గెలుపు మీరు చూడకూడదనే పట్టుకున్నాను."

ఆయన సైకిలు నడిపించుకుంటూ పది అడుగులు వేశారు. "పట్టుకున్నావు సరే. సెలైన్ ఎక్కతన్న పిల్ల సెయ్యి, ఇడిపించుకోడం ఎంతసేపు? నానే ఇడిపించుకోలేదు," అన్నారు. సీసా మూత తీసి నాకిచ్చారు.

ఆయన పోయి రెండేళ్లయింది. నిద్రలోనే పోయారు. పెద్దకర్మ రోజు ట్వంటే నుంచి తీదా వచ్చింది. పెళ్లయింది, పరుగు మానేసి చాలా కాలమైంది. వంటపాత్రలు కడుగుతూ వెనక వాకిట్లో ఇద్దరమే మిగిలాం.

"అమా, నీకో సంగతి చెప్పాలి," అంది. "ఆ రోజు గీత దాటి సయా కోసం నాలుగు వైపులా వెతికాను. ఆయన లేరు. మెడలో మెడల్ వేశారు, ఫోటో తీశారు. ఎవరూ లేని చోట నిలబడినట్టుంది. ఎందుకు రాలేదని తరవాత అడిగాను. అలిసిపోయి కూర్చుండిపోయానన్నారు. నాకు తెలుసు, నీ దగ్గరున్నారు. ఇన్నేళ్లూ నీ మీద అసూయతో ఉన్నాను. పడిపోయింది నేనైతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో."

నా జీవితంలో అతి చెడ్డ గంటని చూసి కుళ్లుకున్న మనిషి ఒకరున్నారని, అది తీదా అని నేను ఎన్నడూ ఊహించలేదు. ఆయన నా తప్పు తన అలసట కింద దాచేశారని కూడా అప్పుడే తెలిసింది.

"ఆయన రావాలనుకున్నారు తీదా," అన్నాను. "వెళ్లొస్తానని నన్ను అడిగారు. నాకు తెలివుంది. నేనే చెయ్యి పట్టుకుని ఆపేశాను. నీ మీద కుళ్లుతోనే."

తీదా మోచేత్తో మొహం తుడుచుకుంది. "రావాలనుకున్నారా?" అని మెల్లగా అడిగింది. నేను తలూపాను. ఆమె మొహంలో ఏదో వదులైంది. నన్ను తిట్టలేదు. నా చేతిలోంచి గిన్నె తీసుకుని తనే కడిగింది. సాయంత్రం పడవ రేవు దాకా వెళ్లి సాగనంపాను. పడవ ఎక్కేముందు మొదటి రోజులాగే రెండు చేతులూ కట్టుకుని తలవంచింది.

ఆమెకి చెప్పాల్సినదంతా చెప్పేశాననుకుని వెనక్కి నడిచాను. సగం దారిలో తెలిసింది, ఒకటి చెప్పలేదని. ఆయన గట్టు మీద అన్న మాట, నానే ఇడిపించుకోలేదు అన్నది. మరిచిపోయి కాదు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. అది చెబితే ఆమెకి నేనిచ్చిన ఊరట పోతుందని ఆ రోజు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది సగమే నిజం. అన్నీ ఆమెకి ఇచ్చేశాను, ఆ ఒక్కటి ఇవ్వలేకపోయాను. ఇప్పటికీ తీదా అప్పుడప్పుడు ఫోన్ చేసి సయా గురించి ఏమైనా చెప్పమంటుంది. చాలా చెబుతాను. అది మాత్రం చెప్పను.